సాయంత్రం నాలుగింటి రీడింగు

పోయిన నెలలో మా టీవీ టవరును కోసి లారీకెత్తారని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ముక్కలు కూడా లేవు. నాలుగు కాంక్రీటు దిమ్మెలు మిగిలాయి. ఒకదాని మీద ఎవరో లుంగీ ఆరేసుకున్నారు. ముప్పై రెండేళ్ళు సర్కారు జీతం తీసుకుని నేను చేసిన దేశసేవకు ఆ మాత్రం ఉపయోగం మిగిలినందుకు సంతోషించి, పక్కనే టీ తాగి ఇంటికొచ్చాను. అప్పట్నుంచీ ఇది రాయాలని ఉంది.

పేర్లు రాయను. ఊరి పేరు కూడా రాయను. సత్తెనపల్లిలో బస్సెక్కితే ముప్పావు గంట, అంతవరకు చాలు. మా ఇన్‌చార్జి గారు ఇంకా సర్వీసులో ఉన్నారు, నాకేమో నెలనెలా పింఛను వస్తోంది. కాబట్టి నా ధైర్యం కూడా పింఛనుకు భంగం రానంత మేరకే.

జేబులో టీవీ పెట్టుకుని తిరిగే ఈ కాలం పిల్లలకు మా ఉద్యోగం ఏమిటో ముందు చెప్పాలి. దేశం మొత్తానికీ ఒకే ఒక్క టీవీ చానలు, అదీ సర్కారుదే అయిన రోజులు. ఢిల్లీలోనో హైదరాబాదులోనో వేసిన బొమ్మ ఉపగ్రహం మీదుగా వచ్చేది. దాన్ని పెద్ద డిష్షుతో పట్టి, టవరు మీది నుంచి చుట్టుపక్కల ఊళ్ళకు వెదజల్లడం మా పని. దీన్ని రిలే కేంద్రం అంటారు. మేము బొమ్మ తీయం, పాట పాడం, వార్త చదవం. వచ్చింది వచ్చినట్టు పంపడమే. తపాలా బంట్రోతుకు ఉత్తరం మీద ఎంత హక్కు ఉంటుందో మాకు బొమ్మ మీద అంత హక్కు.

అయినా మొదట్లో మా వైభవం చూడాలి. టవరు లేచిన కొత్తలో ట్రాక్టర్లు కట్టించుకుని జనం వచ్చేవారు. గోధుమ చేను మొహం ఎరగని మిరప రైతులు హిందీలో గోధుమ తెగుళ్ళ మీద అరగంట కార్యక్రమాన్ని నోళ్ళు తెరుచుకుని చూశారు. ఆదివారం పొద్దున పురాణం వేస్తే ఆడవాళ్ళు టీవీకి హారతిచ్చేవారు. ఒక ఆదివారం దేవుడు బాణం ఎక్కుపెట్టిన క్షణానికి సరిగ్గా బొమ్మను వెదజల్లే మా మిషను ఆగిపోయింది. పావుగంటలో సగం ఊరు గేటు దగ్గరకొచ్చి, బాణం ఎవరికి తగిలిందో చెబితే గానీ కదలమంది. నాకేం తెలుసు? అప్పటి మా పెద్ద టెక్నీషియను గోడెక్కి, తనకు తోచిన కథ ఒకటి చెప్పి పంపించాడు. మర్నాడు గుడి పూజారి గారు వచ్చి, చచ్చిన రాక్షసుణ్ణి బతికించావు కదరా అని తిట్టిపోశారు.

తర్వాత కేబులొచ్చింది. కేబులు పోయి ఇంటింటికీ డిష్షులొచ్చాయి. చివరికి సెల్‌ఫోనొచ్చింది. ఊళ్ళో మా యాంటెన్నాలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. కొన్ని సొరపాదుల పందిళ్ళలో చేరాయి, కొన్ని దండేలకు ఊతమయ్యాయి. మేము మాత్రం పొద్దున మొదలుపెట్టి బొమ్మను ఆకాశంలోకి చల్లుతూనే ఉన్నాం. ఎవరు పట్టుకుంటున్నారో తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

మధ్యలో రెండు బదిలీలు పోను నేను తిరిగి అక్కడికే వచ్చి పడ్డాను. అప్పటికి మిగిలింది ముగ్గురం. ఇన్‌చార్జి గారు గుంటూరులో కాపురం, వారానికి మూడు రోజులు దర్శనమిచ్చేవారు. రెండోవాణ్ణి నేను. మూడోవాడు వాచ్‌మన్.

ఇక లాగ్‌బుక్కు సంగతి. మిషను ఎంత పవరుతో నడుస్తోందో గంటగంటకూ మీటరు చూసి పుస్తకంలో రాయాలి. ఆగితే ఎన్నింటికి ఆగింది, ఎందుకు ఆగింది, ఎన్ని నిమిషాలు ఆగిందో కూడా రాయాలి. ఇది రూలు. మా కేంద్రంలో ఆచారం వేరు. పొద్దున రాగానే కుర్చీ తుడుచుకుని, కాఫీ తాగి, సాయంత్రం దాకా రీడింగులన్నీ ఒకేసారి రాసేయడం. పొద్దున పదింటికి కూర్చుంటే పదీ పదికల్లా సాయంత్రం ఆరయ్యేది. నాకు ముందున్నాయన ఈ విద్య నేర్పుతూ, “పంచాంగం రాసేవాడు ఏడాది ముందే గ్రహణం రాయట్లేదా? మనం పూటకే గదయ్యా రాసేది” అన్నాడు.

నేను ఆ విద్యలో గురువును మించాను. అన్ని గంటలకూ ఒకే అంకె రాస్తే అనుమానం వస్తుంది కదా. కాబట్టి మధ్యాహ్నం కొంచెం తగ్గించేవాణ్ణి, ఎండకు మిషను వేడెక్కుతుంది కనుక. సాయంత్రం కాస్త పెంచేవాణ్ణి. రెండు పెన్నులు మార్చి మార్చి రాసేవాణ్ణి. ఆగడం మాత్రం మా పుస్తకంలో ఉండేది కాదు. ఆగిందని రాస్తే ఎందుకని పైనుంచి ఉత్తరం, దానికి మా జవాబు, ఆ జవాబు మీద ఇంకో ఉత్తరం. ఎవరికి ఓపిక? మాది చీరాల పక్క. మా నాన్న మగ్గం నేసేవాడు. పోగు తెగితే ముడేసుకుని ముందుకు పోవాలి గానీ తెగలేదని అనుకోకూడదు అనేవాడు. అలాంటి మాటలు పడలేకే నేను మగ్గం వదిలి ఉద్యోగంలో చేరానేమో.

నిజానికి మిషను బాగానే ఆగేది. మా కేంద్రం కట్టిన పదేళ్ళకు వెనకాల పత్తి జిన్నింగు మిల్లు వెలిసింది. పత్తి తీతలు మొదలైతే ఊరంతా నూగు ఎగిరేది. మిషను వేడెక్కకుండా గాలి పీల్చే ఫ్యానుకు ముందు ఒక జల్లెడ లాంటి ఫిల్టరు ఉంటుంది. ఆ నూగంతా వచ్చి దానికి దుప్పటి కప్పేది. గాలాడక మిషను తనంతట తాను ఆగిపోయేది. సీజనులో రోజుకు మూడుసార్లు, నాలుగుసార్లు. మిరపకాయల కాలంలో ఆ ఘాటుకు మిషను ఆగేది కాదు గానీ మేము ఆగేవాళ్ళం, తుమ్మలేక.

ఫిల్టరు ఊడదీసి, బయటికి పట్టుకెళ్ళి గోడకేసి కొట్టి, బిగించి, మిషను మళ్ళీ ఎక్కించాలి. అది నా పని. చేసేది వాచ్‌మన్. మొదట్లో నేను చేస్తుంటే చూశాడు, తర్వాత నాకు నడుం నొప్పి వచ్చినప్పుడు చేశాడు, ఆ తర్వాత నా నడుం నొప్పి ఎన్నడూ తగ్గలేదు.

అతనిది ఆ ఊరే. అరెకరం పొలం, ఇద్దరు ఆడపిల్లలు. కాంట్రాక్టరు కింద రోజుకూలీ లెక్క. ఇరవై రెండేళ్ళుగా అదే లెక్క. కాపలా కాయడానికి వేస్తే మా కేంద్రంలో టీవీ చూసిన ఏకైక మనిషి అయ్యాడు. కంట్రోలు రూములో మానిటరు ముందు స్టూలేసుకుని, వచ్చిందల్లా చూసేవాడు. పార్లమెంటు చూసేవాడు. పాటకచేరీ చూసేవాడు. అస్సామీ నృత్యం చూసి, “కాలు బలే తిప్పుతున్నారండి” అనేవాడు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

ఒకరోజు అతని గదిలో సుత్తి కోసం వెతుకుతుంటే మంచం కింద క్యాలెండర్ల కట్ట కనిపించింది. ఎరువుల కొట్లవాళ్ళు ఏటా ఇచ్చే పెద్ద క్యాలెండర్లు. వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, అక్కడ పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు.

“పొద్దున 11-10. పత్తి. ఆగింది. 4 నిమిషాలు.”

“మధ్యాహ్నం 2. కరెంటు పోయింది. 40 నిమిషాలు. వరి మీద చెప్తుండగా.”

“సాయంత్రం 5-20. పత్తి. 6 నిమిషాలు. పాట మధ్యలో ఆగింది. పాపం.”

ఇలా పదకొండేళ్ళవి. ఒక్క రోజు వదల్లేదు. మా మిషను అసలు చరిత్ర అంతా మంచం కింద ఉంది. బీరువాలో తాళం వేసి ఉన్నది నేను రాసిన నవల.

“ఎందుకయ్యా ఇదంతా?” అని అడిగాను.

“చూసేవోళ్ళెవరన్నా వచ్చి, ఫలానప్పుడు ఎందుకాగిందని అడిగితే చెప్పాలి గదండీ.”

“ఎవరన్నా వచ్చారా?”

“ఇంకా రాలేదండి.”

నవ్వి ఊరుకున్నాను. ఎంతవరకు చదివావంటే ఏడో తరగతి అన్నాడు. లెక్కల్లో ఫస్టట.

నా రిటైర్మెంటుకు ఇంకా పద్నాలుగు నెలలుందనగా పైనుంచి కాగితం వచ్చింది. ఇలాంటి చిన్న కేంద్రాల్లో దేన్ని ఉంచాలో దేన్ని మూయాలో తేల్చడానికి హైదరాబాదు నుంచి ఒక లేడీ ఆఫీసరు వచ్చి చూస్తారు. మూసినా మాకేం ఫరవాలేదు, విజయవాడో ఇంకోచోటో వేస్తారు. కానీ కింద ఇంకో పేరా ఉంది. కాంట్రాక్టు మనుషుల్లో చదవడం రాయడం వచ్చి, నిజంగా మిషను పని చేసినట్టు ఏదైనా రికార్డు ఉన్నవాళ్ళుంటే ఆఫీసరు పేరు రాసి పంపవచ్చు, పెద్ద కేంద్రంలో తీసుకునే విషయం ఆలోచిస్తారు.

నేను కాగితం పట్టుకుని ఎగురుకుంటూ వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళాను. “నీ పంట పండింది. క్యాలెండర్లు తీసి దుమ్ము దులుపు. మేడం గారొస్తున్నారు. నేనే దగ్గరుండి చూపిస్తా. ఇంతకంటే రికార్డు ఎవడి దగ్గరుంటుంది?”

అతను నమ్మలేదు. రెండుసార్లు చదివించుకున్నాడు, మూడోసారి కాగితం తీసుకుని తనే చదువుకున్నాడు. “ఇరవై రెండేళ్ళండి,” అన్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి పంపు దగ్గరికి పోయాడు. నాకు గర్వంగా అనిపించింది. ఒక మనిషికి మేలు చేస్తున్నానని నా మీద నాకే గౌరవం కలిగిన రోజులు తక్కువ, అందుకే చెబుతున్నాను.

ఇన్‌చార్జి గారికి ఈ సంగతి చెబితే ఆయన కుర్చీలోంచి లేచి తలుపు వేశారు.

“ఏవండీ, మీకు మతి గానీ పోయిందా? పదకొండేళ్ళ క్యాలెండర్లలో మిషను వెయ్యిసార్లు ఆగింది. పదకొండేళ్ళ మన లాగ్‌బుక్కుల్లో ఒక్కసారి కూడా ఆగలేదు. రెండూ పక్కపక్కన పెడితే ఏమవుద్ది?”

నాకు అప్పుడు వెలిగింది.

“సంతకాలెవరివి?” అన్నారాయన.

“నావి.”

“కింద చూసినట్టు పెట్టింది?”

“మీరు.”

“నాకింకా సర్వీసుంది. మీకు పద్నాలుగు నెలలుంది. ఎంక్వైరీ పడితే పింఛను ఆగుద్ది. ఇంటికెళ్ళి మీ ఆవిణ్ణి కూడా అడగండి.”

మా ఆవిణ్ణి అడగలేదు. ఏం చెబుతుందో తెలుసు కనుక. ఆ తర్వాత పదిరోజులు నేను వాచ్‌మన్ ఎదురుపడకుండా తిరిగాను. చూపిస్తానన్న మాట వెనక్కి తీసుకోలేదు, మళ్ళీ ఎత్తనూ లేదు. అతను మాత్రం క్యాలెండర్లను సంవత్సరం వారీగా సర్ది, పాత పంచెలో మూటగట్టి, బల్ల మీద పెట్టుకున్నాడు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ నాకు కనిపిస్తూనే ఉండేది.

ఇన్‌చార్జి గారు ఈలోగా ప్రేక్షకుల తయారీలో పడ్డారు. కాగితంలో “స్థానిక ఆదరణ” అని ఒక మాట ఉంది. అది చూపించాలి. గేటు ఎదురుగా టీ కొట్టు నడిపే ఆమెను పట్టుకున్నాం. ఎవరింట్లోనో అటకెక్కిన పాత టీవీ తెచ్చి, సొరపందిరి నుంచి విడిపించిన యాంటెన్నా ఒకటి కొట్టు మీద కట్టి, మా చానలు పెట్టాం.

“ఇందులో ఏమొచ్చుద్దండి?” అందామె.

“అన్నీ వస్తాయమ్మా.”

“మరి నా సీరియలు?”

“అది రాదు.”

“ఎన్నాళ్ళు చూడాలండి?”

“రేపు ఒక్కరోజు. మేడం అడిగితే రోజూ ఇదే చూస్తాం, పంటల గురించి బాగా చెబుతారు అను.”

“ఒక్కరోజేగా, సచ్చినట్టు చూస్తాలే,” అంది.

మర్నాడు. మేడం మధ్యాహ్నం వస్తారన్నారు. పదిన్నరకే జీపు వచ్చి గేటు ముందు ఆగింది. ఆమెకు యాభై ఏళ్ళుంటాయేమో. సాదా నేత చీర, చేతిలో చిన్న నోటు పుస్తకం. మొదట మా దగ్గరికి రాకుండా నేరుగా టీ కొట్టుకు పోయి బల్ల మీద కూర్చున్నారు. మేము రోడ్డు దాటేసరికే సంభాషణ జరిగిపోతోంది.

“రోజూ ఇదే చూస్తారా?”

“రోజూ ఇదేనండీ. ఇది తప్ప ఇంకోటి మా కంటికానదు. ఇప్పుడు గూడా మిరపకు బొబ్బర తెగులు గురించి బలే చెబుతున్నారండి.”

మేడం టీవీ వైపు చూశారు. ఒకావిడ వీణ వాయిస్తోంది.

“ఏ తీగ మీద చెబుతున్నారు?” అన్నారు మేడం. టీ డబ్బులిచ్చి లేచారు.

లోపలికి వచ్చి లాగ్‌బుక్కు అడిగారు. నేను ఎంతో వినయంగా తెచ్చిచ్చాను. ఇచ్చాక గుర్తొచ్చింది. పెద్దమనిషి వస్తున్నారు కదా, పేజీ నిండుగా కళకళలాడాలని ఆ రోజు మామూలు కంటే శ్రద్ధగా, పొద్దున తొమ్మిదింటికే సాయంత్రం ఆరింటి దాకా నింపేశాను. ముప్పై ఏళ్ళ అలవాటు. చెయ్యి నన్నడక్కుండా రాసుకుపోయింది. ఈ తప్పు చేయడానికి ఎంతో అనుభవం కావాలి. కొత్తవాడైతే భయపడి మానేసేవాడు.

ఆమె ఆ పేజీ తీస్తుండగానే, కాగల కార్యం గంధర్వులు తీర్చినట్టు, మిషను టక్కుమని ఆగింది. మానిటరు నల్లబడింది. వీణ ఆగిపోయింది. నేనూ ఇన్‌చార్జి గారూ మొహాలు చూసుకున్నాం. వాచ్‌మన్ మాత్రం ఎవరి మొహమూ చూడలేదు. స్టూలు మీది నుంచి లేచి, వెనక తలుపు తీసి, ఫిల్టరు లాగి, బయట గోడకేసి నాలుగు దెబ్బలు కొట్టి, ఊది, బిగించి, ఒకదాని తర్వాత ఒకటి స్విచ్చులు వేశాడు. వీణ మళ్ళీ వచ్చింది. అతని జుట్టు నిండా పత్తి నూగు.

మేడం గడియారం చూసుకున్నారు. “నాలుగు నిమిషాలు,” అన్నారు. తర్వాత పుస్తకంలోకి చూశారు. చాలాసేపు చూశారు.

“ఇప్పుడు టైమెంత?” అని నన్నడిగారు.

“పదకొండూ ఐదు మేడం.”

“సాయంత్రం నాలుగింటికి పవరెంత ఉంటుందో ఇక్కడ రాసి ఉంది. చాలా గొప్ప విషయం. మా ఊళ్ళో మా తమ్ముడు పత్తి ఆరబోశాడు. వాన ఎప్పుడు పడుతుందో కూడా కాస్త చూసి చెబుతారా?”

ఇన్‌చార్జి గారు అందుకున్నారు. “ఈ ఒక్కరోజే మేడం. మీరొస్తున్నారన్న కంగారులో పొరపాటు జరిగింది. రోజూ అలా ఏం కాదు మేడం.” ఆమె రోజూ సంగతి ఇంకా అడగనే లేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో కళ్ళారా చూశాను.

ఆమె మా ఇద్దర్నీ వదిలేసి వాచ్‌మన్ వైపు తిరిగారు. గొంతు మెత్తబడింది.

“ఇది నువ్వెన్నాళ్ళ నుంచి చేస్తున్నావు బాబూ?”

“చానా కాలం నుంచండి.”

“రోజుకు ఎన్నిసార్లు ఆగుతుంది? ఎక్కడన్నా రాసిపెట్టావా? ఉంటే చూపించు. నీకు పనికొస్తుంది.”

పంచె మూట గోడకవతల, పది అడుగుల దూరంలో, బల్ల మీద ఉంది. అతను నా వంక చూశాడు. నేనే చూపిస్తానన్నాను కదా. చూపించమని కూడా కాదు, చెప్పమని. “ఉంది మేడం, తెస్తాను” అంటే చాలు. మూడు మాటలు. నేను మీటరు వంక తిరిగి, అందులో ఎన్నడూ చూడనంత శ్రద్ధగా ముల్లును చూశాను. చూడవలసిన ముప్పై ఏళ్ళూ చూడకుండా ఆ నిమిషంలో చూశాను.

“నాకు రాయడం రాదండి,” అన్నాడు అతను.

“సంతకం?”

“ఏలిముద్రేనండి.”

కాంట్రాక్టరు పంపిన హాజరు కాగితాలు తీయించారు. నిజమే, నెలనెలా వేలిముద్రలే ఉన్నాయి. ఆ గుమాస్తాకు ఓపిక లేక అందరిచేతా వేలే వేయించేవాడు. మేడం తన నోటు పుస్తకంలో ఏదో రాసి కొట్టేశారు. తర్వాత నా వైపు చూసి, “మీరేమన్నా చెప్పదలుచుకున్నారా?” అన్నారు. ఇన్‌చార్జి గారిని అడగలేదు. నన్నే అడిగారు. ఆమెకు అంతా అర్థమైందని నాకు ఇప్పటికీ అనుమానం.

“ఏం లేదు మేడం,” అన్నాను.

జీపు వెళ్ళిపోయాక ఇన్‌చార్జి గారు పెద్దగా గాలి వదిలి, గండం గడిచిందని స్వీట్లు తెప్పించారు. నేను కూడా ఒకటి తిన్నాను. అబద్ధమెందుకు, రుచిగానే ఉంది. తర్వాత వాచ్‌మన్ గదికి వెళ్ళాను. మూట లేదు.

“క్యాలెండర్లేవయ్యా?”

“టీకొట్టామెకిచ్చానండి. పొయ్యి ముట్టించుకోడానికి పనికొస్తాయి.”

“ఎందుకలా చెప్పావు?”

అతనెప్పుడూ నాతో గొంతెత్తి మాట్లాడలేదు. ఆ రోజూ ఎత్తలేదు. “మీరు చెబుతారేమోనని ఒక నిమిషం ఆగానండి. మీరు మీటరు చూస్తన్నారు. సరే, ఈయనకు బయ్యంగా ఉంది, ముగ్గురం పోయేదాని కంటే ఒకడు పోవడం నయం అనుకున్నా.” మంచం మీది దుప్పటి సర్దుతూ, “ఇద్దరు ఆడపిల్లలండి నాకు. మీకు తెలియందేముంది,” అన్నాడు. నాలుగు తిట్టినా బాగుండేది. నేను ఆ గుమ్మంలో నిలబడి, సిగ్గుతో, ఏడుపొస్తే మిరప ఘాటు అనుకోవడానికి అది మిరపకాయల కాలం కూడా కాదు కదా అని బాధపడ్డాను.

మూడు నెలలకు ఆర్డరు వచ్చింది, మూసేయమని. “ఆదరణ లేదు, నిర్వహణ సంతృప్తికరంగా లేదు” అని రెండు ముక్కల్లో తేల్చారు. ముందస్తు రీడింగులకు నాకొక మెమో ఇచ్చారు, దానికి నేనొక సంజాయిషీ రాసుకున్నాను. ఇన్‌చార్జి గారికి విజయవాడ, నాకు మిగిలిన నెలలకు ఇంకో మూల కేంద్రం. కాంట్రాక్టు మనుషుల జాబితాలో మా వాచ్‌మన్ పేరు పక్కన “నిరక్షరాస్యుడు, సిఫారసు లేదు” అని ఉంది.

ఇప్పుడతను గుంటూరు దారిలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో గేటు దగ్గర ఉంటున్నాడని విన్నాను. వచ్చే లారీ, పోయే లారీ, నంబరు, టైము పుస్తకంలో రాస్తాడట. అక్కడ గేటుకు రాయడం వచ్చిన మనిషే కావాలన్నారట. వెళ్ళి పలకరించాలని చాలాసార్లు అనుకున్నాను. బస్సు ఆ గేటు ముందు నుంచే పోతుంది. ఇంతవరకు దిగలేదు.

ఆఖరి రోజు మాత్రం చెప్పి ముగిస్తాను. మధ్యాహ్నం పన్నెండింటికి మిషను ఆపేశాం. వచ్చి ఎందుకాపారని ఎవరూ అడగలేదు. సామాను జాబితాలు, సీళ్ళు అన్నీ అయ్యాక వాచ్‌మన్ కాగితం మిగిలింది. తనను పనిలోంచి తీసేసినట్టు, ఇక ఏ హక్కూ కోరనట్టు అతను ఒప్పుకుంటూ ఇచ్చే కాగితం. ఇన్‌చార్జి గారు అలవాటుగా పెన్ను ముందుకు తోశారు. అతను చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఇన్‌చార్జి గారు దగ్గి, ఇంకు ప్యాడు తీశారు.

చదవడం రానివాళ్ళ చేత వేలిముద్ర వేయిస్తే, ముందు ఒక సాక్షి ఆ కాగితాన్ని పైకి చదివి వినిపించి సంతకం పెట్టాలి. సాక్షిని నేను.

అతను బల్లకు అవతల చేతులు కట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు. నేను చదివాను. ఊరు, తండ్రి పేరు, ఇరవై రెండేళ్ళు, ఇష్టపూర్వకంగా, ఏ వత్తిడీ లేకుండా. అన్నీ చదివి కాగితం కింద పెట్టాను.

“ఒక లైను వదిలేశారండి,” అన్నాడు మెల్లగా. వేలితో చూపించలేదు, కళ్ళతో చూపించాడు. కాగితం అతని వైపు తలకిందులుగా ఉంది. “కింద నుంచి మూడోది. అదీ చదవండి.”

నేను కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుని చదివాను. “నాకు చదవడం, రాయడం రాదు.”

“ఆఁ, అదే,” అని బొటనవేలు ఇంకులో అద్దాడు.